ఎడమ చెవి నాయినది

జూన్ పంతొమ్మిది, ఆదివారం. ఆ రోజు తిన్నది కిచిడీ, పచ్చి ఉల్లిగడ్డ, ఎవరింటి నుంచో జాడీతో సహా వచ్చిన మామిడికాయ తొక్కు. జనగామ చౌరస్తాకు ఇవతల, హైదరాబాదు రోడ్డుకు అడ్డంగా రాళ్లు పేర్చి వంటావార్పు పొయ్యిలు వెలిగించారు. రాష్ట్రం ఇచ్చేదాకా ఈ రోడ్డే మా వంటిల్లు అని మైకులో ఎవరో అంటున్నారు. కిచిడీ అడుగంటింది, ఉప్పు తక్కువైంది, ఎండలో వరుసగా కూర్చున్నవాళ్లలో ఒక్కరూ ఆ మాట అనలేదు. భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేసే హరిలాల్ అంత దూరం నుంచి వచ్చి, నడుముకు తువ్వాల చుట్టుకుని గరిటె పట్టాడు. ఒకప్పుడు నా అల్లుడు. ఇప్పుడు నాకు ఏమవుతాడో చెప్పడం కష్టం, నా మనవరాలు సోనికి మాత్రం తండ్రి. సోని విస్తరి దగ్గరకు వచ్చేసరికి గరిటె ఆపి, వంగి, ఆమె ఎడమ చెవిలో ఏదో అన్నాడు. తొమ్మిదేళ్ల పిల్ల, నోట్లో ముద్ద ఉండగానే నవ్వింది, మెతుకులు వచ్చి నా చొక్కా మీద పడ్డాయి. ఏమన్నాడే మీ నాయిన అని తర్వాత అడిగితే, "గది నాయిన చెవిల జెప్పిండు. నీకెందుకు తాతా?" అంది. ఆ తర్వాత ఇవాళ్టి దాకా తండ్రి ముఖం చూడలేదు.

ఇవాళ సెప్టెంబరు ఇరవై ఐదు, ఇదీ ఆదివారమే. పొద్దు గుంకింది. నేను గడప మీద కూర్చుని రైలు పట్టాల వైపు చూస్తున్నాను. జనగామలో మా ఇంటికీ పట్టాలకూ మధ్య ఒక తుమ్మచెట్టు, ఒక మురికి కాలువ, అంతే. పోస్టాఫీసులో పనిచేసినంత కాలం రైళ్ల మోత విని విని విసిగినవాణ్ని, నిన్నటి నుంచి రైల్ రోకోతో ఒక్క బండీ కదలకపోతే ఇంట్లో గడియారం ఆగిపోయినట్టు ఉంది. సోనికి రైలు చెవుల్లో కంటే కాళ్లలో వినబడుతుంది. బండపరుపు మీద అరికాళ్లు ఆనించి "గూడ్సు" అనో "ప్యాసింజరు" అనో నాకంటే ముందే చెబుతుంది. పొద్దుటి నుంచి అరికాళ్లు ఆనించి ఆనించి, చివరికి "తాతా, నా కాళ్లు గూడ ఖరాబైనయా?" అని అడిగింది. లేదు బిడ్డా, సమ్మె అన్నాను. బస్సులు బందు, బడులు బందు, బొగ్గుబాయిలు బందు, మీ నాయిన జీతం బందు. చివరిది లోపలే అనుకున్నాను. హరిలాల్ మధ్యాహ్నం ఘనపూర్ స్టేషన్ నుంచి ఫోను చేశాడు. "మామా, పర్కాల్ దాంక దోస్తు బండి మీద వచ్చిన. ఆడికెల్లి ట్రాక్టరు. ఇగ ఈడ నుంచి పట్టాలెంబడి నడుస్త. బండ్లు లెవ్వు గద, భయం లేదు." పిల్ల చెవి మిషన్ దొరికిందా అని అడిగాను. ఫోనులో గాలి హోరు. "వచ్చినంక మాట్లాడుదం" అన్నాడు, తర్వాత ఫోను కట్టయింది. అంటే దొరకలేదు. దొరికినవాడు అలా అనడు. అయినా మనసు వింటుందా, రఘునాథపల్లి దాటి ఉంటాడు, జేబులో చిన్న డబ్బీ ఉంటుంది, కావాలనే చెప్పలేదు, పిల్ల ముందు తీసి చూపిస్తాడు, అని తనకు తానే కథలు చెప్పుకుంటోంది.

నా వెనక గూట్లో పాత చీరముక్కలో కట్టిన మూట ఉంది. నా భార్య కమల ఘుగ్రీలు. చెంపల పక్కన జుట్టుకు కట్టుకుంటే భుజాల మీదికి వేలాడే వెండి గజ్జెల గుత్తులు. మా తండాలో పెళ్లయిన ఆడవాళ్లంతా పెట్టుకునేవాళ్లు. టౌనుకు వచ్చాక అందరూ తీసేశారు గానీ కమల తియ్యలేదు. పోస్టుమాస్టరు భార్యకు తండా వేషమేందని పక్కింటివాళ్లు నవ్వితే, "మీకు చెవులున్నయి గద, సంతోషపడుండ్రి" అనేది. సోనికి వినబడదని ఆ గజ్జెల వల్లనే తెలిసింది. సోనిని ఉయ్యాలలో వేసి కమల తల ఊపేది. పిల్ల ముఖం వైపు నుంచి ఊపితే నవ్వేది, వెనక నుంచి ఊపితే నవ్వేది కాదు. నాలుగు రోజులు కమల ఎవరికీ చెప్పకుండా ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి ఊపి చూసుకుంది. ఐదో రోజు వంటింట్లో కూర్చుని, "నా బిడ్డ బిడ్డ నవ్వింది గజ్జెలకు కాదు, నా మొకానికి" అంది. నాకు ఆ మాట మొదట దుఃఖంగా తోచింది. ఇప్పుడు ఆలోచిస్తే అందులో కమలకు దక్కిన భాగ్యం కూడా ఉంది. గజ్జెలు లేకపోయినా ఆ ముఖానికి ఆ పిల్ల నవ్వేది.

నా బిడ్డ అనితకూ హరిలాల్‌కూ ఎందుకు పడలేదో నేను సరిగా చెప్పలేను. కొట్టలేదు, తాగలేదు. బాయి దగ్గర క్వార్టరులో ఇద్దరూ ఒకరి మౌనం ఒకరు మోయలేకపోయారు. పిల్ల చెవుల సంగతి తెలిసిన ఏడాది ఆ మౌనం ఇంకా బరువైంది. కోర్టు కాగితం తర్వాత వచ్చింది గానీ, అంతకు ముందే నర్సింహులపేట దగ్గర మా తండాలో పంచాయతీ కూర్చుంది. తండా పెద్ద తావుర్యా నాయక్ చీపురు పుల్ల తీసి ఇద్దరి చేతా చెరో కొస పట్టించి విరిపించాడు. టప్‌మంది. పెళ్లి తెగింది. చెరో ముక్కా చేతిలో పట్టుకుని ఇద్దరూ ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డారు. అప్పుడు పిల్ల సంగతి వచ్చింది. నాయక్ చాలాసేపు బీడీ కాల్చి, "పిల్లను ఇరవరాదు. ఖర్చును ఇరుద్దం" అన్నాడు. తిండీ బట్టా తల్లిది. అంతకు మించి వచ్చే పై ఖర్చు, దవాఖానాగానీ మిషన్లుగానీ చదువుగానీ, చెరి సగం. ఆడపిల్లవైపువాణ్నే అయినా నా మాట మీద ఇద్దరికీ నమ్మకం, కాబట్టి నా ఇల్లు మధ్య ఇల్లు, పిల్ల ఉండేది నా దగ్గర. హరిలాల్ తల ఊపి వెళ్లబోతుంటే, పాత కోపమేదో గుర్తొచ్చిందేమో, నాయక్ వెనక నుంచి అన్నాడు. "ఇనురా, సగం పెట్టినన్ని దినాలే సగం తండ్రివి. బాకీ పడ్డనాడు బిడ్డ మొకం చూడకు." అందరూ నవ్వారు. హరిలాల్ నవ్వలేదు. చేతిలో పుల్లముక్కను చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఆ మాటే చట్టమైంది. మిషన్లు కొనాల్సి వచ్చినప్పుడు ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడకుండా ఉండే దారి అనితే కనిపెట్టింది. చెవులు రెండు, మనుషులం ఇద్దరం. కుడి చెవి నేను కొంటా, ఎడమది ఆయన కొననీ అంది. అంతే, కుడి చెవి అమ్మదైంది, ఎడమ చెవి నాయినదైంది. బ్యాటరీలు కూడా అలాగే. మహబూబాబాద్ నుంచి అనిత కుడిదానికి తెచ్చేది, భూపాలపల్లి నుంచి హరిలాల్ ఎడమదానికి పంపేవాడు, చిన్న అగ్గిపెట్టెలో పెట్టి బస్సు కండక్టరు చేతికిచ్చి. ఏ కండక్టరూ పైసా అడగలేదు. ఒకాయన బస్టాండులో నన్ను గుర్తుపట్టి, "సార్, మీ చెవి వచ్చింది" అని అరిచేవాడు. బస్టాండులో అందరూ నా వైపు చూసేవాళ్లు. ఒకసారి ఎడమ బ్యాటరీ అయిపోయి కుడిదానివి మిగిలి ఉంటే, రెండూ ఒకటే కదా అని నేను వేయబోయాను. సోని చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "వద్దు తాతా, నాయినకు కోపమొస్తది. యాడిది నాయిన చెవిల పెడుతవా?" యాడి అంటే మా మాటలో అమ్మ. రెండు రోజులు ఎడమ చెవి మూగగా తిరిగింది పిల్ల, కండక్టరు వచ్చేదాకా. పెద్దవాళ్లం పంతానికి గీసుకున్న గీత అది. దాని మీద ఆ పిల్ల ఎంత జాగ్రత్తగా అడుగులు వేస్తుందో చూస్తే భయం వేసింది.

ఎండాకాలంలో హన్మకొండ డాక్టరు పాత మిషన్లు ఇక చాలవన్నాడు. వినికిడి ఇంకా తగ్గింది, గట్టివి పెట్టాలి, ఆలస్యం చెయ్యొద్దు, వినని చెవి వినడం మరిచిపోతుంది. వినడం మరిచిన చెవికి తర్వాత ఏ మిషన్ పెట్టినా చప్పుడే తప్ప మాట అందదు. దసరా దాటనివ్వకండి అన్నాడు. జూన్ నెలాఖరుకే అనిత కుడిది కొనేసింది. ప్రైవేటు బడిలో టీచరు, ఎవరి దగ్గర చెయ్యి చాచిందో నాకు చెప్పలేదు, చెవుల కమ్మలు మాత్రం లేవు. హరిలాల్ సెప్టెంబరు జీతంతో తెస్తానన్నాడు. వాయిదా కొంత, జీతం కొంత, దోస్తుల దగ్గర కొంత. సెప్టెంబరు పదమూడున సమ్మె. బాయి దిగడం ఆగిపోయింది. అప్పిచ్చే దోస్తులూ సమ్మెలోనే ఉన్నారు. అనిత కుడిది కొన్ననాటి నుంచే బాకీ పడ్డట్టు లెక్క కాబట్టి జూలై నుంచి ఇంటి వైపు రాలేదు. ఫోనులో, "ఎట్ల మామా, బాకీల ఉన్న గద" అనేవాడు. నేను రమ్మనేవాణ్ని. రాలేదు. ఎడమ చెవిలో పాత మిషన్ అలాగే ఉంది, దాని బ్యాటరీ కూడా మొన్న సోమవారం చచ్చిపోయింది, బస్సులు లేక కొత్తది రాలేదు. ఆరు రోజులుగా ఆ చెవి నిశ్శబ్దం. చెవి మరిచిపోవడం ఎలా ఉంటుందో నాకు తెలియదు. రాత్రి కొంచెం, పగలు కొంచెం, ముందు పిట్టల చప్పుడు, తర్వాత పొయ్యి మీద నీళ్ల చప్పుడు, చివరికి మనిషి గొంతు. కమల గొంతు నేను అలాగే మరిచిపోతున్నాను. మాటలు గుర్తున్నాయి, గొంతు అందడం లేదు.

అనిత పొద్దున్న ఫోను చేసింది. "బాపూ, రేపు పొద్దుగాల బండ్లు నడుస్తయట, మొదటి బండికి వస్త. ఎడమ మిషన్ రాకుంటే పిల్లను తీస్కపోత. ఆ చెవి గూడ నేనే కొంట. ఇగ ఆ మనిషికి ఫోను ఇయ్యకు, కబురు ఇయ్యకు. రెండు చెవులు నావే."

సమ్మె కదా బిడ్డా, జీతాలు లేవు అన్నాను.

"నేను కుడి చెవి కొన్నప్పుడు నాకు సమ్మె లేదా బాపూ? నా బతుకే సమ్మె. నన్నెవరన్న అడిగిన్రా?" అంది.  వెంటనే, "నువ్వు తిన్నవా?" అని అడిగింది. నా బిడ్డ అంతే. ఎంత కోపంలో ఉన్నా ఫోను పెట్టే ముందు తిన్నవా అని అడుగుతుంది. ఆమె తప్పేమీ లేదు. హరిలాల్‌దీ లేదు. తప్పు ఎవరిదో ఒకరిదైతే బతకడం కొంచెం సులువుగా ఉండేది.

మధ్యాహ్నం ఘుగ్రీల మూట చంకలో పెట్టుకుని వీరేశం వెండి దుకాణానికి వెళ్లాను. బందు కాబట్టి షట్టరు మోకాలి ఎత్తుకు లేపి ఉంది, వంగి దూరాను. వీరేశం గజ్జెలు చేతిలోకి తీసుకోగానే అవి గలగలమన్నాయి, దుకాణమంతా కమల నడిచినట్టు. ఆయన భార్య రాజేశ్వరి లోపలి నుంచి వచ్చి, "ఎవలవన్నా ఇవి? కమలక్కవి గాదూ?" అంది. "జర ఆగన్నా. బందుల దినాలల్ల అమ్మితె వెండి గాదు, గడ్డి ధర వస్తది." వీరేశం నవ్వి, "ఇగో, నా భార్యే నా గిరాకీని ఎల్లగొడుతది" అన్నాడు. మూట మళ్లీ కట్టి నా చేతిలో పెట్టాడు. సోడా కూడా తాగించారు. అమ్మి ఉంటే ఎడమ మిషన్ వచ్చేదేమో. వస్తే? అది హరిలాల్ తెచ్చిందని అనితతో అబద్ధం చెప్పాలి. నిజం చెబితే ఎడమ చెవి తాతదవుతుంది, తండ్రి పూర్తిగా పోతాడు. అబద్ధం చెబితే రేపో మాపో హరిలాలే ఒప్పేసుకుంటాడు, అతని ముఖం మీద అబద్ధం నిలవదు. చెప్పినా పోతాడు, చెప్పకపోయినా పోతాడు. మధ్య ఇల్లు అన్నారు నన్ను. మధ్యలో ఉన్నవాడికి రెండు వైపులా గోడలే.

చీకటి పడింది. తుమ్మచెట్టు కనబడటం లేదు. చివరి ఆశగా తావుర్యా నాయక్‌కు ఫోను కలిపాను. ఆ మాట చెప్పినవాడే దాన్ని సడలిస్తే, ఒక నెల వాయిదా ఇస్తే, అనిత వింటుంది. నాయక్ డోర్నకల్ వైపు పట్టాల మీద టెంటులో ఉన్నాడట, వెనక డప్పులు. రెండుసార్లు చెబితే గాని నా మాట అందలేదు. "ఏంది మాన్‌సింగూ? నేనన్ననా? బిడ్డ మొకం చూడొద్దని నేనెప్పుడన్న?" పంచాయతీ రోజు, పుల్ల విరిచాక, వెనక నుంచి, అని గుర్తు చేశాను.  "అరె, గదా! వాని తండ్రి ఎడ్ల కాడ నన్ను మోసం జేసిండు, గా మంటల ఏదో అన్న. గది తీర్పా? వాడు గది పట్టుకొని కూసున్నడా ఇన్నేండ్లు?" అని నవ్వబోయి ఆగాడు. "వాడు ఒట్టి పిచ్చోడు మాన్‌సింగూ" అన్నాడు, ఈసారి మెల్లగా.  ఎడ్ల బేరంలో మిగిలిన మంట ఒకటి, దాని మీద ఇన్నేళ్లు ముగ్గురి బతుకు ఉడికింది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నవ్వడానికి పక్కన కమల ఉండాలి.

కమల పోయింది కూడా ఇలాంటి బందులోనే, నిరుడు జనవరిలో. దవాఖానా నుంచి ఇంటికి తెస్తుంటే టైర్లు కాల్చి రోడ్డు ఆపారు. కుర్రాళ్లు ఆటోలోకి తొంగి చూసి, ఒక్క మాట అడగకుండా, మండుతున్న టైరును కర్రలతో పక్కకు జరిపారు. ఒకడు తలకు కట్టిన గులాబీ గుడ్డ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఆ కుర్రాడి ముఖం ఇప్పటికీ గుర్తుంది. అలాంటి వాళ్లెవరైనా ఈ పూట హరిలాల్‌కు ఎదురై నీళ్లిచ్చి ఉంటే బాగుండు. పట్టాల మీద కంకర, పాములు, వంతెన దగ్గర నడిచే దారి లేదు. నాకు ఉన్నట్టుండి మిషన్ గురించిన ఆలోచన పోయింది. మనిషి వస్తే చాలు.

సోని అన్నం తిని, నా పక్కకు వచ్చి కొంతసేపు చీకట్లోకి చూసింది. ఎవరొస్తున్నారో నేను చెప్పలేదు, వచ్చేదాకా చెప్పదలచుకోలేదు. చెవుల నుంచి మిషన్లు తీసి, కుడిదీ ఎడమదీ ఒకే డబ్బీలో పెట్టి మూత వేసింది. రోజూ పడుకునే ముందు చేసే పనే. నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుని, పెదవులు కనబడేలా, "పండుకుంటున్న" అని చెప్పి వెళ్లింది. చాప మీద వాలగానే నిద్రపోయింది.

కాసేపటికి కాలువ అవతల కంకర నలిగింది. నీడ ఒకటి పట్టాలు దిగి, తుమ్మచెట్టు కింద ఆగి, మెల్లగా వాకిట్లోకి వచ్చింది. చెప్పులు చేతిలో ఉన్నాయి, ఒకదాని వారు తెగింది. లైటు వెలుగు పడేచోటికి ఇంకా అడుగు ఉందనగా ఆగిపోయాడు.

"మిషన్ తేలె మామా" అన్నాడు.

"తెల్సు. రా."

"బ్యాటరీలైతే తెచ్చిన." జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. చెమటకు మెత్తబడి ఉంది. "పాత మిషన్‌కన్న పనికొస్తయని. ఇవి తీస్కో, నేను పోత. అనిత వచ్చెటాల్లకు ఉండ."

"ఎటు పోతవ్‌రా ఈ రాత్రి?"

"స్టేషన్ల పండుకుంట. బండ్లు లెవ్వు గద, ఎవడు లేపుతడు?" నవ్వబోయాడు. "బాకీల ఉన్న. పిల్ల మొకం చూడరాదు."

నాయక్ ఫోనులో అన్నదంతా చెప్పాను, ఎడ్ల సంగతితో సహా.  హరిలాల్ గుండె మీద బరువు దిగుతుందని అనుకున్నాను. దిగలేదు. పుల్లముక్క కోసమేమో, చొక్కా జేబు తడుముకున్నాడు.

"ఆయన కోపంల అన్నడో, నిజంగ అన్నడో నాకెర్క లేదు మామా. నేను గదే పట్టుకొని బతికిన. బాయిల దిగేటప్పుడు గదే యాదికొస్తుండె, సగం పెడితె సగం తండ్రిని అని. గది లేకుంటె నేనెప్పుడో ఎటో పోయెటోన్ని. ఇప్పుడు గది ఉత్తదంటె, మరి నేనెవన్ని?"

  లేచి అతని చెయ్యి పట్టుకున్నాను, అరచేయి పొక్కి ఉంది. లోపల చాప పక్కన ఉన్న డబ్బీని చూపించాను.

"రెండు మిషన్లు అండ్ల ఉన్నయిరా. కుడిది, ఎడమది, రెండు. తెల్లారేదాంక ఏ చెవీ ఎవరిది కాదు. నువ్వు ఎవరికీ బాకీ లేవు. రా లోపలికి."

చేతిలోని చెప్పులు వాకిట్లో పెట్టాడు. తర్వాత నీళ్ల గోళెం దగ్గర కాళ్లు కడుక్కుని గడప దాటాడు. సోని కుడి వైపు తిరిగి పడుకుని ఉంది, ఎడమ చెవి పైకి. అతను మోకాళ్ల మీద కూర్చుని, వంగి, మిషన్ లేని ఆ చెవిలో ఏదో అన్నాడు. వంటావార్పు రోజు అన్నదేనేమో, నాకు వినబడలేదు. పిల్లకూ వినబడలేదు. ఊపిరి తగిలినట్టుంది, నిద్రలోనే భుజంతో చెవి రుద్దుకుని, అతని తువ్వాల కొస గుప్పిట్లో పట్టుకుంది.

"పొద్దుగాల అనిత వస్తది. ఏం జెప్తవ్?" అని అడిగాను.

"ఏం జెప్పను. చెప్పెటందుకు ఏమున్నది?" తువ్వాల విడిపించుకోలేదు, మెడలోంచి జార్చి పిల్ల చేతికే వదిలేశాడు. "ఉంట. తిడితె పడత. పొమ్మన్నా ఉంట."

రేపు మిషన్ ఉండదు. అనిత ఉంటుంది, తగాదా ఉంటుంది, ఒక చెవి ఇంకొంత మరిచిపోయి ఉంటుంది. గూట్లో ఘుగ్రీలు ఉంటాయి, వాటి సంగతి బందు ఎత్తేశాక. కిచిడీ మిగిలింది, తిను అన్నాను. తిని వచ్చి, అడ్డంగా ఉన్న నా చెప్పులను పక్కకు జరిపి, హరిలాల్ తలుపు దగ్గరకు వెళ్లాడు. ఆ తలుపు మూసేటప్పుడు కీచుమంటుంది. అది అతనికి పాత అలవాటు కొద్దీ గుర్తుంది కాబోలు, కింది అంచును కాలితో కొంచెం లేపి పట్టి, రెండు చేతులతో మెల్లగా, మెల్లగా దగ్గరికి లాగాడు, పిల్ల నిద్ర చెడకూడదని. గడియ పడిన చప్పుడు కూడా రాలేదు.